కసువు మిషన్ మీద మామ

కసువు మిషన్ ఇంట్లోంచి బయటికి పోతుందంటే నా నోరు ఊరుకోదు. పిన్ను సరిగా పడిందా, క్లిప్పు పెట్టినారా, గొలుసులు తగిలించినారా, రోలరు పైకెత్తి బిగించినారా, ఇంజిను ప్లగ్గు వైరు పీకినారా అని అడుగుతూనే ఉంటాను. అడగడంతో సరిపెట్టను, చీర కుచ్చిళ్ళు పైకి దోపి వంగి చూస్తాను కూడా. కూతుర్ని అత్తగారింటికి పంపేటప్పుడు కూడా ఇన్ని జాగ్రత్తలు చెప్పరని మా ఆయన ఎగతాళి చేస్తాడు. చేయనీ. కోయిలకుంట్లలో ఆయిలింజన్లు బాగుచేసే షెడ్డులో పెరిగినదాన్ని నేను. బెల్టు ఒక్క క్షణంలో మనిషి వేళ్ళను ఏం చేస్తుందో మా నాయన దగ్గరికి వచ్చే రైతుల చేతుల్లో చూశాను.

మేం కసువు మిషన్ అంటాం గానీ అది జీపు వెనక తగిలించి లాగే ఊడ్పు యంత్రం. రెండు చక్రాల మీద పెద్ద ఇనుప తొట్టి, దాని కింద రబ్బరు పళ్ళున్న రోలరు, ముందు వైపు ఆ రోలరును తిప్పే చిన్న పెట్రోలు ఇంజిను. జీపు మెల్లగా పోతుంటే రోలరు గిర్రున తిరిగి ఆకులు, కాగితం ప్లేట్లు, ఎండుగడ్డి ఏది దొరికితే అది ఎగరేసి తొట్టిలోకి పోసుకుంటుంది. నంద్యాలలో కాలేజీ మైదానాలు, మిల్లుల ఆవరణలు, ఇటు ఆళ్ళగడ్డ దాకా ఫంక్షన్ హాళ్ళ తోటలు, ఇవే మాకు పని. నంద్యాల పనులకు నేనూ పోతాను. దూరం పనులకు మా ఆయన, మా మామ పోయేవాళ్ళు.

మామ అంటే మా ఆయన తండ్రి. బతుకంతా నల్లరేగడిలో శనగ పండించిన మనిషి. మోకాళ్ళు సహకరించక చేను కౌలుకిచ్చి మా దగ్గరికి వచ్చాడు. బక్కపలచని మనిషి, మాట మాత్రం గట్టిది. వచ్చిన మొదటి వారమే మిషన్ చుట్టూ తిరిగి చూసి దాని రోగం చెప్పేశాడు.

"దీనికి బరువు లేదు మ్మే. అందుకే ఎగుర్తాంది."

ఆ మాట తప్పు కాదు. తొట్టి ఖాళీగా ఉన్నప్పుడు రోడ్డు మీద ఏ చిన్న గుంత తగిలినా మిషన్ ఎగిరెగిరి పడుతుంది. అందుకని ఖాళీ మిషన్‌తో నిదానంగా పోవాలి. అంతకు మించి మందు లేదు. కానీ మామకు ఇంకో మందు తెలుసు. మా వైపు విత్తనానికి ముందు గుంటక తోలి నేల చదును చేస్తారు. గుంటక నేలకు బాగా ఆనాలంటే దాని మీద మనిషి నిలబడతాడు. ఎద్దులు లాగుతుంటే పగ్గాలు పట్టుకుని, కాళ్ళు ఎడంగా పెట్టి, ఊగుతూ నిలబడతాడు. మామ చిన్నప్పుడు వాళ్ళ నాయన కాళ్ళ మధ్య నిలబడ్డాడు. తర్వాత మా ఆయన్ని తన కాళ్ళ మధ్య నిలబెట్టుకున్నాడు. ఆ ఊళ్ళో ఎవరినడిగినా వెనక లాగే వస్తువు ఎగిరితే మనిషిని ఎక్కించమనే చెబుతారు.

"నేను కూచుంటా లే. ఆ ఇంజిను పక్కన జాగా ఉంది గదా" అన్నాడు మామ.

మిషన్ మీద ఒక బొమ్మ అంటించి ఉంటుంది. మిషన్ మీద కూర్చున్న మనిషి కింద పడుతున్నట్టు, దాని మీద అడ్డంగా ఎర్రగీత. నేను చేయి పట్టుకుని తీసుకుపోయి ఆ బొమ్మ చూపించాను. మామ కళ్ళు చిట్లించి చాలాసేపు చూశాడు.

"వీనికి కూచునేది రాదు" అన్నాడు.

నాకు నవ్వొచ్చింది, కోపమూ వచ్చింది. గుంటక మెత్తటి దుక్కిలో ఎద్దుల నడకతో పోతుంది మామా, జారితే మట్టిలో పడతావు, లేచి దులుపుకుంటావు. ఇది తారు రోడ్డు. ముందు కూర్చున్నవాడు ముందుకే పడతాడు. పడితే మిషన్ మొత్తం మనిషి మీదుగా పోతుంది. ఇదంతా విడమరిచి చెప్పాను. సరేలే అన్నాడు. మా ఆయన కూడా తలూపాడు. ఇద్దరూ అంత తొందరగా ఒప్పుకుంటే నేను అనుమానపడి ఉండాల్సింది.

ఆళ్ళగడ్డలో ఒక ఫంక్షన్ హాలు తోట పని వచ్చింది. ముందు రోజు ఒక పెండ్లి అయిపోయింది, ఆ సాయంత్రానికే ఇంకో పెండ్లివాళ్ళు దిగుతారు. మధ్యాహ్నం లోపల తోటంతా ఊడ్చి ఇవ్వాలి. ఇంజిను రెండు రోజులుగా మొరాయిస్తోంది, తాడు లాగితే గురగురమని ఆగిపోతోంది. కార్బురేటరు కడిగి పెట్టాను గానీ నమ్మకం కుదరలేదు. అందుకని ఆ రోజు నేనూ బయలుదేరాను. నేను జీపు ఎక్కుతుంటే తండ్రీ కొడుకులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇరుకవుతుందని కాబోలు అనుకున్నాను.

నేను ముందు సీట్లో, మామ వెనక బల్ల మీద కూర్చున్నాం. పొద్దున్నే ఎండ మొదలైంది. మిషన్ వెనక ఖాళీగా దడదడలాడుతూ వస్తోంది. నిదానంగా పొమ్మని నేను, ఆలస్యమవుతుందని మా ఆయన. శిరివెళ్ళ దగ్గర టీకి ఆపాం. నేను టీ తాగి, దుకాణం వెనక్కి పోయి మొహం కడుక్కుని వచ్చేసరికి ఆయన జీపు స్టార్టు చేసి ఉన్నాడు. మామ ఎక్కినాడా అని అడిగాను. "ఎక్కినాడు" అన్నాడు. నేను ఎక్కగానే జీపు కదిలింది.

కాసేపటికి నాకు ఏదో తేడాగా అనిపించింది. వెనక చప్పుడు తగ్గింది. ఆ దడదడ లేదు. జీపు కూడా ముందుకంటే జోరుగా పోతోంది. నా వైపు అద్దం కొంచెం లోపలికి తిరిగి ఉంటే చేయి బయట పెట్టి సర్దాను. అద్దంలో తెల్లగా ఏదో కొట్టుకులాడుతోంది. ముందు కాగితమో, గోనె పట్టానో అనుకున్నాను. అది మామ పంచె.

మామ ఇంజిను పక్కన కూర్చుని ఉన్నాడు. ఒక చేయి తొట్టి అంచు మీద, ఇంకో చేయి మోకాలి మీద. కాళ్ళు రెండూ కింద జీపుకు తగిలించిన ఇనుప కడ్డీ మీద ఆనించి ఉన్నాయి. భుజం మీది తువ్వాల కొస గాలికి లేచి చక్రం వైపు పోయి వస్తోంది. ఆయన కింద తారు రోడ్డు జర్రున వెనక్కి పోతోంది.

 అరిస్తే మా ఆయన బ్రేకు తొక్కుతాడు. బ్రేకు తొక్కితే జీపు ఆగుతుంది, మామ ఆగడు. అంత భయంలోనూ ఆ సంగతి తట్టింది, నా అదృష్టం. మా ఆయన తొడ మీద చేయి వేసి మెల్లగా చెప్పాను.

"బ్రేకు మీద కాలు పెట్టొద్దు. మెల్లగా గేరు తగ్గించు. మామ మిషన్ మీద ఉండాడు."

ఆయన ఉలిక్కిపడలేదు. అద్దం వైపు కూడా చూడలేదు. రోడ్డు మీదే చూపు పెట్టి గేరు తగ్గించాడు. ఆ నిదానం ఏమిటో అప్పుడు నాకు అర్థం కాలేదు. నా చూపంతా అద్దంలోనే ఉంది.

వెనక లారీ ఒకటి హారన్ కొడుతూ వస్తోంది. మామకూ దానికీ మధ్య తొట్టి తప్ప ఇంకేం లేదు. ఎడమ పక్కకు దిగుదామంటే రోడ్డు అంచు పొడుగునా రైతులు మొక్కజొన్నలు ఆరబోసి, చుట్టూ రాళ్ళు పెట్టారు. ముందు ఊళ్ళోకి తిరిగే చోట వరసగా స్పీడు బ్రేకర్లు కనపడుతున్నాయి. ఆగడానికి లేదు, పక్కకు పోవడానికి లేదు. జీపు ముందు చక్రాలు మొదటి దాని మీదికి ఎక్కాయి, దిగాయి. వెనక చక్రాలు ఎక్కి దిగాయి. ఇప్పుడు మిషన్ వంతు. నేను ఏ దేవుడికి మొక్కానో నాకే తెలియదు.

మిషన్ లేచింది. మామ కూడా లేచాడు. ఆయనకూ ఇనుముకూ మధ్య వెలుతురు కనిపించింది. ఒక కాలు కడ్డీ మీది నుంచి జారి గాలిలో ఆడింది. మళ్ళీ కూర్చున్నాడు. రెండో బ్రేకర్ మీద తొట్టి అంచు పట్టుకున్న చేయి వదిలి తువ్వాల సర్దుకున్నాడు. తువ్వాల! ఆ తువ్వాలను అక్కడే తగలబెట్టాలన్నంత ఒళ్ళు మండింది నాకు. మూడోది దాటాక మొక్కజొన్నలు అయిపోయాయి. జీపు మట్టి రోడ్డు మీదికి దిగి ఆగింది. లారీ తిట్టుకుంటూ పోయింది.

నేను దిగి పరుగెత్తాను. మామ నవ్వుతున్నాడు. చానా రోజుల తర్వాత పండ్లన్నీ కనిపించేటట్టు నవ్వుతున్నాడు.

"చూస్తివా మ్మే? రవ్వంత గూడా ఎగర్లే" అన్నాడు.

"దిగు మామా."

"ఏమాయ ఇప్పుడు?"

"దిగమంటాండా. ముందు దిగు."

చేయి పట్టుకుని దించాను.  చచ్చిపోతే ఎవరు బాధ్యులని, ఆ బొమ్మ చూపించి చెప్పలేదా అని, ముసలాడివి అయ్యావు గానీ బుద్ధి రాలేదని, నోటికొచ్చినట్టు తిట్టాను. మామను అంతంత మాటలు అనడం అదే మొదటిసారి. ఆయన అన్నీ విన్నాడు.

"ఈ పొద్దు కొత్తనా ఏంది? పోయినప్పుడల్లా ఈడనే గదా నేను కూచునేది" అన్నాడు.

నేను మా ఆయన వైపు తిరిగాను. ఆయన టైరును బూటుతో తంతూ నిలబడ్డాడు. నిజమేనా అని అడగాల్సిన పని లేకపోయింది. ప్యాపిలి పనికి పోయినప్పుడు, కోయిలకుంట్ల పనికి పోయినప్పుడు, ఇదే ఆళ్ళగడ్డకు ముందు వచ్చినప్పుడు, నేను గేటు దగ్గర అన్నీ వంగి చూసి పంపించిన తర్వాత ఊరు దాటగానే జీపు ఆపి తండ్రిని ఎక్కించుకున్నాడు. సాయంత్రం ఊళ్ళోకి వచ్చే ముందు దించాడు. ఈ మధ్య మిషన్ బాగా పోతోంది, నీ చెయ్యి మంచిది అని నన్ను పొగిడాడు కూడా.

"ఆడ కూచుంటే నాయన సంతోషంగా ఉంటాడు మే. ఇంట్లో గమ్మున కూచోని మనిషి ఎండిపోతాండాడు. పని జేస్తాండా అనుకుంటాడు. నేను యెట్ల వద్దందు?" అన్నాడు.

 కోపం మాత్రం అట్లాగే ఉంది. మామను ముందు సీట్లో కూర్చోబెట్టి నేను వెనక బల్ల మీద, మిషన్‌కు ఎదురుగా కూర్చున్నాను. ఆళ్ళగడ్డ దాకా అది ఎగురుతూనే వచ్చింది. 

తోట ఘోరంగా ఉంది. ప్లేట్లు, గ్లాసులు, పూలరేకులు, మంటపం నుంచి తెంపి పారేసిన రిబ్బన్లు. పక్కనే శిల్పాలు చెక్కే షెడ్డులుండడంతో గోడవార రాతి పెళ్ళలు కూడా ఉన్నాయి. మిషన్ కింద రాయి పడితే తుపాకి గుండు మాదిరి వెళ్తుంది. అందుకని మిషన్ తిప్పే ముందు నేలంతా నడిచి రాళ్ళు, తీగలు ఏరాలి. నేను ఏరుతుంటే మామ కూడా వచ్చి వంగి ఏరాడు. నేను ఆయన వైపు చూడకుండా ఏరాను, ఆయన నా వైపు చూడకుండా ఏరాడు. హాలు మనుషుల్ని గేటు బయటే ఉండమని చెప్పి ఇంజిను తాడు లాగాను. మొదటి లాగుకే అందుకుంది.

సగం తోట అయ్యాక రోలరు గొణగడం మొదలుపెట్టింది. రిబ్బన్ చుట్టుకుంది. మా ఆయన జీపు ఆపాడు. నేను ఇంకా దిగుతూనే ఉన్నాను, మామ అప్పటికే వెనక బల్ల మీంచి దిగి, వంగి రిబ్బన్ కొస అందుకోబోతున్నాడు. కళ్ళం దగ్గర నూర్పిడి మిషన్‌లో చిక్కుకున్న కంప లాగినట్టు అన్నమాట.

"చెయ్యి! మామా, చెయ్యి తియ్!"

నా కేకకు గేటు దగ్గరున్న హాలు మనుషులు కూడా ఇటు తిరిగారు. మామ చేయి వెనక్కి తీసుకున్నాడు. నేను ఇంజిను ఆపాను. ఇంజిను ఆగినా రోలరు కాసేపు తిరిగే నిలుస్తుంది. అది నిలిచేదాకా ఆయనకూ మిషన్‌కూ మధ్య నిలబడ్డాను. ప్లగ్గు వైరు పీకి, అప్పుడు కత్తితో రిబ్బన్ కోశాను. ఒక్క పొద్దులో రెండుసార్లు ఈ మనిషిని పోగొట్టుకోబోయాను.  మామంటే నాకు ప్రాణం. మా నాయన పోయాక తిన్నావా, పండుకున్నావా అని నన్ను అడిగే మనిషి ఆయన ఒక్కడే.

పని అయిపోయింది. తొట్టిలోని కసువు కుప్పలో ఒంపేశాం. రోలరు ఎత్తి బిగించాను, పెట్రోలు కట్టేశాను, పిన్ను, క్లిప్పు, గొలుసులు చూశాను. లేచి చూస్తే మామ జీపు ఎక్కకుండా మిషన్ పక్కన నిలబడి ఉన్నాడు. తువ్వాల తలకు చుట్టుకున్నాడు.

"మళ్ళీ ఖాళీ ఆయ. ఎగుర్తాది" అన్నాడు. ఆ మాట నాతో కాదు, కొడుకుతో.

మా ఆయన నన్ను చూశాడు, తండ్రిని చూశాడు. ఏమీ అనలేదు. ఆ ఏమీ అనకపోవడం నా తలకెక్కింది. మామ కంటే ముందు నేనే ఎక్కి ఇంజిను పక్కన కూర్చున్నాను. కాళ్ళు కడ్డీ మీద పెట్టుకున్నాను.

"బరువే గదా కావల్సింది? మామ కంటే నేనే బరువు. పోనీ జీపు" అన్నాను.

"ఏందే ఇది? దిగు."

"పోనీ అంటాండా. ఆలస్యమైతాంది."

మా ఆయన జీపు ఎక్కాడు. తాళంచెవి మీద చేయి పెట్టాడు. అద్దంలో నాకు ఆయన మొహం కనిపిస్తోంది. ఆ చేయి కదల్లేదు. దిగి వచ్చాడు. మళ్ళీ పోయి కూర్చున్నాడు. ఈసారి ఇంజిను స్టార్టు చేశాడు, గేరు వేయకుండానే ఆపేశాడు. దిగి నా దగ్గరికి వచ్చేసరికి కళ్ళలో నీళ్ళున్నాయి.

"నాతో కాదు మే. కండ్ల ముందర ఏమేమో కనపడ్తాంది. దిగు, నీకు దండం పెడతా. నాయన్ను గూడా ఎక్కించ. ఎవరినీ ఎక్కించ."

నేను గెలిచాను. ఆయనకు ఆ భయం తెలియాలనే ఎక్కాను, తెలిసింది. దిగి చీర దులుపుకుంటుంటే మామ మొహం చూశాను. ఆయన నన్ను చూడటం లేదు. కొడుకు వణుకుతున్న చేతులనే చూస్తున్నాడు.

"నేను కూచున్నెప్పుడు అరవై మీద తోల్తివి గదరా" అన్నాడు మామ.

గొంతు పెంచలేదు. కోప్పడలేదు. ఏదో లెక్క అడిగినట్టే అడిగాడు.  మామ తలకు చుట్టుకున్న తువ్వాల విప్పి భుజాన వేసుకుని, జీపు వెనక తలుపు తీసుకుని బల్ల మీద కూర్చున్నాడు.

ఆ తర్వాత ఆయన మిషన్ ఎక్కలేదు. మిషన్‌తో బయటికి రావడమే మానేశాడు. మళ్ళీ అట్లాంటి రోజు వస్తే నేను మళ్ళీ ఎక్కి కూర్చుంటాను, అందులో నాకు సందేహం లేదు. కాకపోతే మామ చూడకుండా చూసుకుంటాను.

ఆ రాత్రి అన్నం పెడితే మామ పళ్ళెం ముందు కూర్చుని నాతో అన్నాడు.

"నువ్వు జేసింది సరే మ్మే. వాడు గూడా తప్పేం జేయల్యా. పెండ్లాము కోసరం భయపడక ఇంగెవురి కోసరం భయపడతాడు?"

నవ్వుతూనే అన్నాడు. అన్నం మాత్రం సగం వదిలేశాడు. ఆయన తిని లేచేదాకా మా ఆయన గడప బయటే నిలబడ్డాడు. లోపలికి రమ్మని నేను పిలవలేదు, మామా పిలవలేదు.